గ్రహాల కడుపులో ఏముందో మూడేళ్ళలో తేల్చమనే కమిటీలకు ఒక బహిరంగ లేఖ

రీసెర్చ్‌కి డబ్బులు శాంక్షన్ చేసే కమిటీల్లో కూర్చునే పెద్దలకు, ఉద్యోగాలిచ్చే సెలెక్షన్ ప్యానెళ్ళ వాళ్ళకు, ఏ పరికరం నడవాలి ఏది ఆపేయాలి అని సంతకాలు పెట్టేవాళ్ళకు, అందరికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నా. ఎవరికి తగిలితే వాళ్ళు తీసుకోండి.

గ్రహాల లోపల ఏముంది అనేది నా పని. భూమి లోపల, చంద్రుడి లోపల, కుజుడి లోపల, వీలైతే శని గురుల లోపల కూడా. ఎవరూ ఎప్పుడూ వెళ్ళని, ఇక ముందు కూడా వెళ్ళలేని చోటు గురించి జీతం తీసుకుని మాట్లాడే ఉద్యోగం అన్నమాట. ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళం ప్రపంచం మొత్తం మీద కొద్దిమందిమే, ఒకళ్ళ పేపర్లు ఒకళ్ళం చదువుకుంటూ, అవి తప్పని పోట్లాడుకుంటూ, మళ్ళీ అదే సాయంత్రం కలిసి కూర్చుని కొత్త ప్రపోజల్ రాసుకుంటూ గడిపేస్తుంటాం. మాకు మీతో ఉన్న పేచీ ఒక్కటే. మీ ఫారంలో ఒక గడి ఉంటుంది, మూడో సంవత్సరం ఆఖరికి ఏం తేలుతుంది అని. దేశం మారినా ఏజెన్సీ మారినా ఆ గడి మాత్రం పోదు. అందులో ఏదో ఒకటి రాయకపోతే అప్లికేషన్ ముందుకు కదలదు, రాస్తే అది అబద్ధం అవుతుంది, మాకూ తెలుసు మీకూ తెలుసు, అయినా ఇన్నేళ్ళుగా ఇద్దరం ఆ నాటకం ఆడుతూనే ఉన్నాం.

మూడేళ్ళు మాకెందుకు చాలవో ఓపిగ్గా చెప్తా, చదవండి.

ముందు మేము ఎంత దూరంలో ఉన్నామో చూడండి. భూమి వ్యాసార్థం 6371 కిలోమీటర్లు. మనుషులు తవ్విన వాటిల్లో అన్నిటికన్నా లోతైన బోరు రష్యాలో కోలా దగ్గరుంది, 1989కి 12,262 మీటర్ల దాకా వెళ్ళి ఆగిపోయింది, అంటే కేంద్రానికి ఉన్న దూరంలో ఐదొందలో వంతు కూడా లేదు. ఇది మనం నిలబడ్డ గ్రహం సంగతి. మిగతావాటి గురించి ఇక చెప్పేదేముంది. అందుకని మాకు దొరికేవన్నీ పరోక్ష సాక్ష్యాలే, గ్రహం బరువెంత, ఎలా తిరుగుతోంది, తిరిగేటప్పుడు ఎంత ఊగుతోంది, అయస్కాంత క్షేత్రం ఉందా లేదా, భూకంపం వస్తే ఆ తరంగాలు ఎక్కడ వంగాయి ఎక్కడ మాయమయ్యాయి. గోడ అవతల ఏం జరుగుతోందో గోడకి చెవి ఆనించి చెప్పమంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది మా పని, కాకపోతే గోడ మందం కొన్ని వేల కిలోమీటర్లు.

ఇలాంటి సాక్ష్యాలు పోగవ్వడానికి టైం పడుతుంది, ఎంత టైం అంటే ఒక మనిషి సర్వీసు మొత్తం, ఒక్కోసారి ఇద్దరు ముగ్గురివి కలిపి. కావెండిష్ 1798లో ఇంట్లో సీసపు గుండ్లు వేలాడదీసి భూమి సగటు సాంద్రత నీటికంటే దాదాపు ఐదున్నర రెట్లని తేల్చాడు, పైన దొరికే రాళ్ళేమో మూడు రెట్లు కూడా ఉండవు, అంటే లోపల చాలా బరువైనదేదో ఉండి తీరాలి. అది ఉందని భూకంపాల లెక్కలతో చూపించడానికి ఇంకో నూరేళ్ళు పైనే పట్టింది. ఆ పని చేసిన ఓల్డ్‌హామ్ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసేవాడు, 1897 అస్సాం భూకంపం మీద పెద్ద రిపోర్టు రాశాడు, ఒకే భూకంపం నుంచి రకరకాల తరంగాలు వేరువేరు వేగాలతో వస్తాయని రికార్డుల్లో విడదీసి గుర్తుపట్టింది ఆ పనిలోనే. తర్వాత ఆరోగ్యం బాలేక 1903లో ఉద్యోగం వదిలేసి ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. భూమికి మధ్యలో కోర్ ఉందని ఆయన పేపర్ వచ్చింది 1906లో. మీ లెక్క ప్రకారం చూస్తే ప్రాజెక్టు ముగిసిపోయింది, మనిషి రాజీనామా చేసి వెళ్ళిపోయాడు, అవుట్‌పుట్ సున్నా. ఆ కోర్ ద్రవమని ఇంగ్లండ్ శాస్త్రవేత్త జెఫ్రీస్ గట్టిగా వాదించేసరికి 1926 అయింది.

ఆ తర్వాతి మనిషి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మీ గడిలో అస్సలు ఇమడని కెరీర్ అంటే నాకు ముందు ఇంగె లేమన్ గుర్తొస్తారు. 1888లో డెన్మార్క్‌లో పుట్టారు. గణితం చదువుతూ ఆరోగ్యం పాడై మధ్యలో మానేసి, కొన్నేళ్ళు ఇన్సూరెన్స్ లెక్కల ఆఫీసులో పనిచేసి, మళ్ళీ వచ్చి డిగ్రీ పూర్తి చేసి, భూకంపాల వైపు వచ్చేసరికి ముప్పై ఐదు దాటాయి. అంటే మీ యువ శాస్త్రవేత్త స్కీములన్నిటికీ అప్పటికే ఏజ్ బార్. 1928 నుంచి డెన్మార్క్ జియోడెటిక్ ఇన్‌స్టిట్యూట్‌లో భూకంపాల విభాగానికి హెడ్, హెడ్ అంటే పెద్ద టీమ్ ఉండేదనుకునేరు, చాలా పనులు తనే చూసుకోవాలి. ఆమెకిచ్చిన డ్యూటీ స్టేషన్లు నడపడం, రికార్డులు చదివి బులెటిన్లు పంపడం, పరిశోధన అనేది ఆమె జాబ్ చార్టులోనే లేదు.

1929లో న్యూజిలాండ్‌లో మర్చిసన్ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. భూగోళానికి దాదాపు అవతలి వైపున్న యూరప్, రష్యా స్టేషన్లలో ఆ తరంగాలు నమోదయ్యాయి. అప్పటి లెక్క ప్రకారం ద్రవ కోర్ తరంగాల్ని వంచేస్తుంది కాబట్టి ఒక పరిధిలో ఉన్న స్టేషన్లకి అవి అందకూడదు, అందాయి. చిన్నగా, బలహీనంగా, కానీ అందాయి. మిగతావాళ్ళు దాన్ని ఎలాగో సర్దేశారు, పక్కకి చెదిరిన తరంగమేదో అయ్యుంటుందిలే అని. ఆమె మాత్రం వదల్లేదు. ఏ స్టేషన్‌కి ఏ తరంగం ఏ సెకనులో వచ్చిందో అట్టముక్కల మీద రాసుకుని, ఓట్స్ వచ్చే అట్టపెట్టెల్లో వరసగా సర్దుకునేవారట, తోటలో బల్ల వేసుకుని అవి ముందు పెట్టుకుని కూర్చునేవారని వాళ్ళ బంధువొకాయన గుర్తుచేసుకున్నారు. కంప్యూటర్ లేదు, అసిస్టెంట్ లేడు. 1936లో పేపర్ వచ్చింది, దాని టైటిల్ ఒక అక్షరం, పక్కన ఒక చిన్న గీత, అంతే. ద్రవ కోర్ లోపల ఇంకో కోర్ ఉంది అని అందులో చెప్పారు. అది ఘనపదార్థమే అని గట్టిగా రుజువైంది 1971లో, పెద్ద భూకంపాలకి భూమి మొత్తం గంటలా మోగే తీరుని కొలిచాక. 1936 ఎక్కడ, 1971 ఎక్కడ. అప్పటికి ఆమెకి ఎనభై మూడేళ్ళు, అదృష్టం బాగుండి ఇంకా ఉన్నారు, 1993 దాకా, నూట నాలుగేళ్ళు బతికారు. అందరికీ అంత ఆయుష్షు ఉండదు కదండీ, మీ ఇవాల్యుయేషన్ పద్ధతి మాత్రం ఉంటుందని నమ్ముకున్నట్టే నడుస్తోంది.

ఇంకో మాట, 1953లో రిటైరయ్యాక ఆమె అమెరికా వెళ్ళి వస్తూ మాంటిల్ (కోర్‌కీ పైపెంకుకీ మధ్యనున్న మందపాటి రాతి పొర) పైభాగం మీద పనిచేశారు, సుమారు 220 కిలోమీటర్ల లోతున తరంగాల వేగం మారే చోటుని ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. అది రిటైర్మెంట్ తర్వాతి పని. ఏ ప్యానెల్ పర్మిషన్ ఇచ్చిందో మరి.

సరే పాతకాలం కబుర్లు, ఇప్పుడన్నీ స్పీడుగా జరుగుతున్నాయి అంటారేమో. చంద్రుడి సంగతి చూద్దాం.

అపోలో వ్యోమగాములు 1969 నుంచి 1972 మధ్య చంద్రుడి మీద సీస్మోమీటర్లు, అంటే నేల ప్రకంపనల్ని నమోదు చేసే పరికరాలు, పెట్టి వచ్చారు. 12, 14, 15, 16 మిషన్లవి నాలుగూ కలిసి ఒక నెట్‌వర్క్‌లా పనిచేశాయి. అణుశక్తి బ్యాటరీలు, సూర్యుడితో పని లేదు, రాత్రీ పగలూ వింటూనే ఉన్నాయి, పన్నెండు వేలకు పైగా ప్రకంపనలు రికార్డు చేశాయి. 1977 సెప్టెంబర్ 30న వాటిని ఆపేశారు, అప్పటికి అవి పాడవ్వలేదు. భూమ్మీద కూర్చుని ఆ సిగ్నల్ అందుకోవడానికయ్యే ఖర్చు మిగులుతుందని ఆపేశారు. మీలాంటి ఒక కమిటీయే, మీ గదిలాంటి గదిలోనే, లెక్కలన్నీ సరిగ్గానే చూసుకుని ఆ నిర్ణయం తీసుకుని ఉంటుంది, వాళ్ళని తిట్టుకోవడం నా ఉద్దేశం కాదు. ఆ తర్వాత ఏం జరిగిందో మాత్రం చూడండి.

టేపులు ఉండిపోయాయి. యోసియో నకమురా అనే శాస్త్రవేత్త టెక్సస్‌లో వాటిని పట్టుకుని కూర్చున్నారు. మొదట్లో కాగితం మీద గీసిన గీతల్ని కళ్ళతో చూసి ఇది ప్రకంపన ఇది కాదు అని విడదీశారు, కంప్యూటర్లు పెరిగేకొద్దీ పాత టేపుల నుంచి కొత్త టేపుల్లోకి ఎక్కించుకుంటూ, మళ్ళీ మళ్ళీ వెతుకుతూ 2000ల్లో కూడా అదే డేటాలో ఎవరూ గుర్తుపట్టని లోతు ప్రకంపనలు బయటకి తీశారు. పరికరాలు ఆగిపోయి అప్పటికి పాతికేళ్ళు దాటింది. ఆఖరికి 2011లో రెనీ వెబర్ టీమ్ ఆ డేటాలోని ప్రకంపనల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, గోలలో దాక్కున్న ప్రతిధ్వనిని పైకి తెచ్చి చంద్రుడికీ కోర్ ఉందని చూపించారు, లోపల సుమారు 240 కిలోమీటర్ల వ్యాసార్థంలో గట్టి ఇనుము, దాని చుట్టూ 330 దాకా ద్రవం. 1977లో ఆపేసిన పరికరం 2011లో జవాబు చెప్పింది. ముప్పై నాలుగేళ్ళు. ఈ మధ్యకాలంలో ఎవరో ఒకరు ఆ టేపుల్ని గోడౌన్లో జాగా చాలట్లేదని పారేయించి ఉంటే కథ అక్కడితో సరి. నిజానికి అలాంటిది కొంత జరిగింది కూడా, చంద్రుడి లోపలి నుంచి ఎంత వేడి వస్తోందో కొలిచిన అపోలో ప్రయోగం టేపులు చాలా భాగం కనిపించకుండా పోయాయి, కొన్ని వందల టేపులు తర్వాతెప్పుడో ఒక రికార్డుల గోడౌన్లో దొరికితే వాటిని చదివి 2018లో పేపర్ రాశారు. మిగతావి ఎక్కడున్నాయో దేవుడికెరుక.

ఇక్కడ మీరు గమనించాల్సిన సంగతి ఒకటుంది. టేపులు కాపాడినందుకు ఎవరికీ ప్రమోషన్ రాదు. ఫార్మాట్ మార్చినందుకు పేపర్ రాదు. పేపర్ రాకపోతే మీ టేబుల్లో ఆ మనిషి ఎదురుగా సున్నా పడుతుంది.

కుజుడిది ఇంకో రకం కథ. 1976లో వైకింగ్ ల్యాండర్లు రెండూ సీస్మోమీటర్లు మోసుకెళ్ళాయి, ఒకదాని లాక్ విడిపోలేదు, రెండోది ల్యాండర్ పైన బిగించారు కాబట్టి ఎక్కువగా విన్నది గాలినే. నేల మీద సరైన సీస్మోమీటర్ పెట్టాలంటే నాసా వాళ్ళ ఇన్‌సైట్ ల్యాండర్ దాకా ఆగాల్సి వచ్చింది, అది దిగింది 2018 నవంబర్‌లో. నలభై రెండేళ్ళు. ఆ మిషన్‌కి హెడ్ బ్రూస్ బానర్ట్, కుజుడి మీద సీస్మోమీటర్ పెట్టాలని దశాబ్దాల తరబడి ప్రపోజల్ మీద ప్రపోజల్ రాసిన మనిషి. ఒకసారి ఎంపికయ్యాక కూడా సుఖం లేదు, 2016లో ఎగరాల్సింది, సీస్మోమీటర్ సెన్సార్లున్న గోళంలో వ్యాక్యూమ్ లీక్ బయటపడి రెండేళ్ళు వాయిదా. చాలా సన్నటి లీకే, కానీ ఆ పరికరం పట్టుకోవాల్సిన కదలిక హైడ్రోజన్ పరమాణువు వెడల్పు కంటే చిన్నది, అందుకని వదిలెయ్యడానికి వీల్లేదు. అక్కడే వదిలేసి ప్రాజెక్టు మూసెయ్యమన్నవాళ్ళు ఉండి ఉంటారు, ఎవరో ఒకరు ఆగారు, ఆ ఆగినవాళ్ళకి నా దండం.

వెళ్ళాక నాలుగేళ్ళు విన్నది, 1300కి పైగా ప్రకంపనలు పట్టుకుంది. సోలార్ ప్యానెళ్ళ మీద దుమ్ము పేరుకుని 2022 డిసెంబర్‌లో మూగబోయింది. ఇక్కడ మీ గడిని ఒకసారి పక్కన పెట్టి చూద్దాం. 2021లో అదే టీమ్ కుజుడి కోర్ వ్యాసార్థం 1830 కిలోమీటర్లు అంది. అందరూ చప్పట్లు కొట్టారు, పాఠ్యపుస్తకాల్లోకి వెళ్ళబోయింది. కాకపోతే ఆ సైజు కోర్‌కి సాంద్రత మరీ తక్కువ వస్తోంది, ఇనుములో తేలిక మూలకాలు ఎంత కలిపినా అంత తక్కువ రావడం కష్టం, మా ప్రయోగశాలల వాళ్ళకి అది ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఈలోపు 2021 సెప్టెంబర్ 18న కుజుడికి అవతలి వైపు ఒక ఉల్క పడింది, దాని తరంగాలు మాంటిల్ అడుగుని రాసుకుంటూ వచ్చాయి. అది పట్టుకుని 2023లో రెండు టీములు విడివిడిగా అసలు సంగతి చెప్పాయి, కోర్ పైన కరిగిన రాతి పొర ఒకటి సుమారు 150 కిలోమీటర్ల మందంలో ఉంది, ముందు మనం కోర్ అంచు అనుకున్నది ఆ పొర పైఅంచు, అసలు కోర్ 1650 నుంచి 1675 మధ్య. 2025లో ఇంకో టీమ్ అదే డేటాలోంచి, కుజుడికి లోపల గట్టి కోర్ కూడా ఉంది, సుమారు 600 కిలోమీటర్లు అని పేపర్ వేసింది, దాని మీద ఇప్పుడు వాదనలు నడుస్తున్నాయి. ల్యాండర్ చచ్చిపోయాక వచ్చిన ఫలితాలు ఇవన్నీ. 2021లో క్లోజర్ రిపోర్ట్ తీసుకుని ఫైలు మూసేసి ఉంటే మన దగ్గర ఒక తప్పు అంకె, చక్కగా సక్సెస్ అని స్టాంపు వేసినది, మిగిలి ఉండేది.

నేను ఎక్కువగా పనిచేసేది మాత్రం ల్యాబ్ వైపు, వజ్రాల వైపు. మీలో చాలామంది ల్యాబ్ విజిట్‌కి వచ్చినప్పుడు చూసే ఉంటారు, కానీ అప్పుడు మేము అంతా సర్ది పెడతాం, పని జరిగేటప్పుడు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూసి ఉండరు. భూమి కేంద్రంలో ఒత్తిడి దాదాపు 36 లక్షల అట్మాస్ఫియర్లు, వేడి ఐదు వేల డిగ్రీల పైన. దాన్ని బల్ల మీద తెప్పించాలంటే రెండు చిన్న వజ్రాలు, పావు క్యారెట్ అటూ ఇటూ, మొన కోసి చదును చేస్తారు, ఆ చదును వెడల్పు మిల్లీమీటర్లో పదో వంతు, ఇంకా లోతుకి వెళ్ళాలంటే ఇంకా సన్నం. రెండు మొనల మధ్య రీనియం రేకు, దాన్ని ముందే నొక్కి పలచన చేసి నడిమధ్య లేజర్‌తో చిల్లు పొడవాలి. ఆ చిల్లులో ఇనుప ముక్క పెట్టాలి, దానికి కిందా పైనా వేడి వజ్రానికి అంటకుండా ఇంకో పొర. ఇదంతా మైక్రోస్కోప్ కింద సన్న సూదితో చేతులతోనే. ముక్క సూది మొనకి అతుక్కుని రాదు, వచ్చినట్టే వచ్చి ఎగిరిపోతుంది, గట్టిగా ఊపిరి వదిలినా ఎగిరిపోతుంది, ఎగిరింది అంటే ఇక దొరకదు. అందుకే మా వాళ్ళు ఆ టైంలో మాట్లాడరు, పక్కనున్నవాడు తుమ్మితే ఆ రోజంతా వాడితో మాట్లాడరు.

ఇంత చేసి ఆ వజ్రాలు బిగించిన పరికరం, దాన్నే సెల్ అంటాం, పట్టుకుని సింక్రోట్రాన్ (చాలా బలమైన ఎక్స్‌రేలు ఇచ్చే పెద్ద యంత్రం) దగ్గరికి వెళ్తాం. బీమ్‌టైమ్, అంటే ఆ ఎక్స్‌రేలు వాడుకునే టైం, ఎనిమిదేసి గంటల షిఫ్టుల్లో ఇస్తారు, అప్లై చేసి నెలల తరబడి ఎదురుచూస్తే దొరికేది కొన్ని షిఫ్టులు. ఒత్తిడి పెంచుకుంటూ పోతాం, స్క్రీన్ మీద ఎక్స్‌రే వలయాలు కనిపిస్తుంటాయి, లేజర్ వేస్తాం, వలయాలు జరుగుతాయి, అందరం ముందుకి వంగుతాం, టప్‌మని సన్నటి చప్పుడు. వజ్రం పోయింది. తెల్లవారుజామున మూడింటికి ఆ చప్పుడు విన్నవాళ్ళకి తెలుస్తుంది ఈ కెరీర్ అంటే ఏంటో. అప్పటిదాకా నెలల పని ఇప్పుడు పొడి. ఇంతా చేసి జపాన్‌లో హిరోసే వాళ్ళ గ్రూపు 2010లో భూమి కేంద్రం ఒత్తిడీ వేడీ రెండూ ఒకేసారి అందుకుని ఇనుము అక్కడ ఏ అమరికలో ఉంటుందో చూపించారు, ఆ ఒక్క ఫలితం వెనక ఎన్ని వజ్రాలు పోయాయో పేపర్లో రాయరు. మీరూ అడగరు. అడగండి అంటున్నా. విరిగిన వజ్రం ఏ ఒత్తిడి దగ్గర ఎందుకు విరిగిందో రాసిపెట్టుకుంటే పక్క ల్యాబ్‌వాడికి ఏడాది కలిసొస్తుంది, కానీ దాన్ని ఫలితంగా చూపిస్తే మీ రివ్యూయర్ ఫెయిల్యూర్ అని రాస్తాడు.

ఒక ప్యానెల్ నా రెన్యూవల్ ఫైలు మీద రాసిన మాట ఇప్పటికీ నోటికొచ్చు, ‘నిర్ణీత కాలంలో స్పష్టమైన తీర్మానం రాలేదు’ అని. ఆ ప్యానెల్ పేరు ఇక్కడ అనవసరం. ఆ తీర్మానం అంత స్పష్టంగా ఎలా వస్తుందో వాళ్ళకి ఒకటి చూపించాలనిపిస్తుంది. 2016లో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు పేపర్లు వచ్చాయి. రెండూ వజ్రాల మధ్య ఇనుముని కోర్ పరిస్థితుల దాకా తీసుకెళ్ళి, అది వేడిని ఎంత బాగా మోస్తుందో తేల్చినవి. ఒకటి చాలా బాగా మోస్తుంది అంది, ఇంకోటి చాలా తక్కువ అంది, మధ్యలో కొన్ని రెట్ల తేడా. మొదటిది నిజమైతే భూమి లోపలి గట్టి కోర్ ఈ గ్రహం వయసుతో పోలిస్తే మొన్నమొన్న పుట్టింది, అది పుట్టకముందు అయస్కాంత క్షేత్రాన్ని ఏది నడిపిందో చెప్పడం కష్టమవుతుంది, ఎందుకంటే పాత రాళ్ళలో 340 కోట్ల ఏళ్ళ నాటికే ఆ క్షేత్రం గుర్తులున్నాయి. రెండోది నిజమైతే ఆ తలనొప్పి చాలావరకు పోతుంది. ఇద్దరూ సమర్థులే, ఇద్దరివీ మంచి ల్యాబులే. ఈ గొడవ ఇంకా పూర్తిగా తెగలేదు. మూడో సంవత్సరం ఆఖరికి అని అడిగితే ఆ రెండు టీముల్లో ఎవరు ఏం రాయాలి చెప్పండి?

దీనివల్ల ఉపయోగం ఏంటి అని మీరు అడిగే ముందే చెప్పేస్తా. సూర్యుడి నుంచి వచ్చే కణాల్ని పక్కకి తప్పించే అయస్కాంత క్షేత్రం పుట్టేది బయటి కోర్‌లో ద్రవ ఇనుము కదలికల వల్ల, కుజుడికి ఒకప్పుడు ఉండి పోయింది, శుక్రుడికి అసలు లేదు, ఎందుకో తెలియాలంటే లోపల చూడాలి. ఇది ప్రపోజల్లో రాసే జవాబు, నిజమే కూడా. అయితే నేను ఈ పనిలోకి వచ్చింది అందుకు కాదు, నాకు తెలిసి ఎవరూ అందుకు రాలేదు. అక్కడ ఏముందో తెలుసుకోవాలని వచ్చాం.

మీ వైపు నుంచి కూడా ఆలోచించా. డబ్బులు కొన్నే, అడిగేవాళ్ళు వందలమంది, ప్రతివాడూ మాది స్లో ఫీల్డ్ సార్ అనే అంటాడు, అందరికీ ముప్పై ఏళ్ళు ఇస్తే పని దొంగలు కూడా ఆ ముప్పై ఏళ్ళలో దూరతారు, ఏదో ఒక కొలమానం లేకపోతే ఎవరికివ్వాలో ఎలా తెలుస్తుంది. న్యాయమైన ప్రశ్నే. మా ఫీల్డ్‌లోనూ ఇరవై ఏళ్ళుగా అదే గ్రాఫు రంగులు మార్చి చూపించేవాళ్ళు లేకపోలేదు, పేర్లు చెప్పను గానీ కాన్ఫరెన్సుల్లో అందరికీ తెలుసు. కొలమానం వద్దనట్లేదు, వేరేది కొలవమంటున్నా. ఈ పని ఇవాళ ఆగిపోతే మళ్ళీ ఇదే చోటికి రావడానికి ఎన్నేళ్ళు పడుతుంది అని అడగండి. కొత్త కోడ్ రాసే ప్రాజెక్టు అయితే ఆరు నెలలు, పర్లేదు, పోటీలో పెట్టండి, కొయ్యండి. అరవై ఏళ్ళుగా ఒకే చోట వింటున్న భూకంప స్టేషన్ అయితే మళ్ళీ అరవై ఏళ్ళు. దక్షిణ అట్లాంటిక్‌లో సౌత్ శాండ్విచ్ దీవుల దగ్గర వచ్చే భూకంపాల్ని అలాస్కాలో ఒక స్టేషన్ 1960ల నుంచి నమోదు చేస్తోంది, ఆ తరంగాలు లోపలి కోర్ గుండా పోతాయి. అలా ఏళ్ళ తేడాతో వచ్చిన రికార్డుల్ని పక్కపక్కన పెట్టి 1996లో సాంగ్, రిచర్డ్స్ అనే ఇద్దరు లోపలి కోర్ మిగతా భూమి కంటే కొంచెం వేరే వేగంతో తిరుగుతోందని చెప్పారు. ఆ వేగం ఎంత అనేది అప్పటి నుంచి తగ్గుతూ వచ్చింది, ఈ మధ్య ఆగింది, వెనక్కి మళ్ళింది అని కూడా పేపర్లు వచ్చాయి. వాదించుకోవడానికైనా ఆ పాత కాగితాలు ఉండాలి కదా, మధ్యలో ఏ ఐదేళ్ళో బడ్జెట్ లేదని మూసేసి ఉంటే ఏ మోడల్ కూడా ఆ ఐదేళ్ళని తిరిగి తెచ్చివ్వదు.

కాబట్టి స్టేషన్లు, ఆర్కైవులు, టేపులు, వాటిని చూసుకునే మనుషులు, వీటిని ప్రాజెక్టుల పోటీలోంచి తీసి వేరే పద్దులో పెట్టండి. సీస్మోమీటర్ వినడానికి మూడేళ్ళకోసారి కొత్త ఐడియా చూపించాలి అనడం ఏం పద్ధతో నాకైతే అర్థం కాదు.

రెండోది పోస్టుల సంగతి. పీహెచ్‌డీ అయ్యాక రెండేళ్ళ తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగం, పోస్ట్‌డాక్ అంటారు, తర్వాత ఇంకో ఊళ్ళో రెండేళ్ళు, తర్వాత ఇంకో దేశంలో ఏడాదిన్నర. వజ్రం సెల్ చేతికి అలవాటవ్వడానికే ఏడాది దాటుతుంది, అలవాటయ్యాక పేపర్ వచ్చేలోపు కాంట్రాక్ట్ అయిపోతుంది. అందుకని తెలివైన పిల్లలు ఏం చేస్తున్నారంటే రిస్కున్న ప్రయోగం జోలికే వెళ్ళకుండా, ఖచ్చితంగా పేపర్ వచ్చే చిన్న కొలత ఒకటి పట్టుకుని, అదే ఇటు పది డిగ్రీలు అటు పది డిగ్రీలు మార్చి రాసుకుంటున్నారు. నేను వాళ్ళని ఏమనగలను, ఇంటద్దె కట్టాలి కదా వాళ్ళు కూడా.

మార్క్ మార్లీ అనే విద్యార్థి 1990లో థీసిస్ రాశాడు, శని లోపల అటూ ఇటూ ఊగే కదలికలు ఉంటే వాటి గురుత్వాకర్షణ వలయాల్లో అలలు లేపాలి, అంటే వలయాల్ని చూసి శని కడుపులో ఏముందో చెప్పొచ్చు అని. 1993లో పోర్కో అనే శాస్త్రవేత్తతో కలిసి దాన్ని పేపర్‌గా వేశాడు. చక్కటి ఆలోచన, అప్పటికి రుజువు చేసే దారి లేదు. కసీని వ్యోమనౌక 2004లో శనిని చేరింది, ఆ అలలు శనివే అని హెడ్‌మన్, నికల్సన్ 2013లో చూపించారు. 2021లో ఆ అలల్నే వాడి శని కోర్ గట్టి ముద్దలా లేదు, అంచులు కలిసిపోయి గ్రహం వ్యాసార్థంలో అరవై శాతం దాకా పరుచుకుని ఉంది అని తేల్చారు. థీసిస్ నుంచి ఇక్కడికి ముప్పై ఒక్క ఏళ్ళు. ఇవాళ ఒక విద్యార్థి అలాంటి థీసిస్ పట్టుకుని మీ ప్యానెల్ ముందుకి వస్తే మూడో సంవత్సరం గడిలో ఏం రాయాలో గైడ్‌గా నాకే తెలియదు.

ఇప్పుడు యురేనస్ సంగతి నడుస్తోంది కాబట్టి అదీ చెప్పి వదిలేస్తా. యురేనస్ దగ్గరికి ఇప్పటిదాకా వెళ్ళింది వాయేజర్ 2 ఒక్కటే, 1986 జనవరిలో, అదీ పక్కనుంచి దూసుకుపోయింది. దాని అయస్కాంత క్షేత్రం విచిత్రంగా పక్కకి ఒరిగి ఉంటుంది, కారణం లోపల నీరు ఘనమూ కాని ద్రవమూ కాని స్థితిలో ఉండటమా అనేది ఒక ఆలోచన. అలాంటి నీరు ఉండొచ్చని 1988లో లెక్క కట్టారు, లేజర్లతో ల్యాబ్‌లో తయారుచేసి 2018, 2019ల్లో చూపించారు, ముప్పై ఏళ్ళ తర్వాత. 2022లో అమెరికా శాస్త్రవేత్తల పదేళ్ళ సర్వే యురేనస్ చుట్టూ తిరిగే ఆర్బిటర్‌ని అన్నిటికన్నా ముందు చేయాల్సిన పెద్ద మిషన్‌గా సిఫారసు చేసింది. అది ఎగిరేది ఎప్పుడో, ఎగిరాక చేరడానికే పదేళ్ళ పైన, ఆ డేటా వచ్చేనాటికి నేను రిటైరై చాలా ఏళ్ళవుతుంది, ఈ ఉత్తరం చదువుతున్న మీలో చాలామంది కూడా అంతే. ఆ డేటాని చదివేవాళ్ళు ఇప్పుడు స్కూల్లో ఉన్నారు. వాళ్ళకి నేర్పాల్సినవాళ్ళు ఇప్పుడు రెండేళ్ళ కాంట్రాక్టుల మీద ఉన్నారు.

మా గ్రూపులోనే అలాంటివాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు పాత రికార్డుల్ని స్కాన్ చేసి అంకెల్లోకి మారుస్తున్నారు, సగంలో ఉన్నారు. ఇంకొకరి చేతుల్లో వజ్రాలు నా చేతుల్లో కంటే తక్కువ విరుగుతాయి. ఇద్దరి కాంట్రాక్టులూ ఈ ఏడాది ఆఖరికి అయిపోతున్నాయి, ఒకరు ఇప్పటికే సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకి వెళ్ళడం మొదలుపెట్టారు. ఎక్స్‌టెన్షన్ కోసం పంపిన కాగితం మీ దగ్గర పెండింగ్‌లో ఉంది, మీ తర్వాతి మీటింగ్ ఎజెండాలో దాన్ని కాస్త పైకి జరపండి.